వాగ్దానం గోడకు, ఆజ్ఞ చేతికి: యాకోబు పత్రికను రోజువారీ బతుకులో పాటించడం ఎలా

ఏటా డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసే ముందు మా సంఘంలో ఒక పళ్లెం తిప్పుతారు. అందులో చిన్న చిన్న వాగ్దాన కార్డులుంటాయి. కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి. కొత్త సంవత్సరమంతా ఆ వచనమే మనకు ఆసరా. నేను తీసుకున్న కార్డులన్నీ నా బైబిలు పేజీల మధ్యే పోగుపడి ఉన్నాయి. ఈమధ్య ఒకరోజు వాటిని బయటికి తీసి మంచం మీద పరిచి చూశాను. "నీకు తోడైయున్నాను భయపడకుము" రెండుసార్లు వచ్చింది. ఆశీర్వాదాలు, ఆదరణలు, విజయాలు చాలానే ఉన్నాయి. "పనివారి కూలి బిగపట్టకు" అన్న కార్డు మాత్రం ఒక్కటీ లేదు. ఆ పళ్లెంలో ఆజ్ఞలు వేయరు. వేస్తే చెయ్యి పెట్టేవాళ్లు తగ్గుతారేమో.

వాగ్దానాల మీద నాకు కోపమేమీ లేదు. క్యాలెండరు మీద అచ్చయిన వచనం చూసి ఆసుపత్రి వరండాలో ధైర్యం తెచ్చుకున్నవాణ్ణే నేను. కానీ వాక్యం వినడానికి మనకున్న ఏర్పాట్లు (ఆదివారం ఆరాధన, ఉజ్జీవ కూటాలు, ఫోనులో ప్రసంగాలు) అన్నీ ఇన్నీ కావు. విన్నదాన్ని చేయడానికి ఏర్పాటే లేదు. అలాంటి ఏర్పాటు ఒకటి ఇంట్లో ఎలా పెట్టుకోవచ్చో ఇక్కడ చెబుతాను. బైబిలు మొత్తం కాదు, కొత్త నిబంధనలో ఉన్న యాకోబు పత్రిక (అంటే ఉత్తరం) ఒక్కటి చాలు.

ఈ పత్రికే ఎందుకు?

మొదటి కారణం, చిన్నది. 5 అధ్యాయాలు, 108 వచనాలు. అంత చిన్న పత్రికలో ఆజ్ఞలే సుమారు యాభై ఉంటాయి. రెండో కారణం, ఇది నోటితో, చేతితో, డబ్బు సంచితో మాట్లాడుతుంది. దీన్ని రాసినవాడు ప్రభువైన యేసు సహోదరుడు యాకోబని సంఘ సంప్రదాయం. యెరూషలేము సంఘానికి పెద్దగా ఉన్న ఈయనను క్రీ.శ. 62లో రాళ్లతో కొట్టి చంపారని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. యాకోబు ముందున్న శ్రోతలు కలిగినవాళ్లు కారు. ధనవంతులు తమను న్యాయసభలకు ఈడుస్తుంటే, కోత కూలి ఎగ్గొడుతుంటే చూస్తూ బతికినవాళ్లు.

ప్రొటెస్టెంటు సంస్కర్త మార్టిన్ లూథర్ 1522లో తన జర్మన్ కొత్త నిబంధనకు రాసిన ముందుమాటలో దీన్ని "గడ్డి పత్రిక" అన్నాడు. మనిషి దేవుని ఎదుట నీతిమంతుడయ్యేది దేనివల్ల అంటే అపొస్తలుడైన పౌలు విశ్వాసం అంటాడు, యాకోబు క్రియలు అంటాడు, ఇద్దరికీ పొసగదేమోనని లూథర్ ఇబ్బంది. దాని మీద ఐదు వందల ఏళ్లుగా వాదన నడుస్తూనే ఉంది. మీరు ఏ పక్షాన ఉన్నా మీ ఇంటి ఇస్త్రీ అతనికి ఇవ్వాల్సిన బాకీ మారదు కనుక, మన పనికి ఆ వాదన అడ్డు రాదు.

మొదటి మెట్టు: ఏకబిగిన, పైకి చదవండి

ముక్కలు ముక్కలుగా వద్దు. ఒక సాయంత్రం టీవీ కట్టేసి మొత్తం పత్రిక గట్టిగా చదవండి. ఇరవై నిమిషాలకు మించి పట్టదు. ఇంట్లో పిల్లలుంటే తలా ఒక అధ్యాయం పంచండి. తొలి సంఘాల్లో పత్రికను ఒకరు చదివితే మిగతావాళ్లు వినేవాళ్లు, ఇది చెవి కోసం రాసింది.

చదువుతున్నప్పుడు మన తెలుగు బైబిలు భాష ఒకటి రెండుచోట్ల కాలికి అడ్డం పడుతుంది. "సమాధానము" అంటే మనకు ఇప్పుడు ప్రశ్నకు జవాబు, అక్కడ శాంతి. "శోధన" అంటే పరిశోధన కాదు, పరీక్ష, కష్టం, ఒక్కోచోట చెడుకు లాగే ఆకర్షణ. "పరామర్శించుట" అన్న మాటను మనం చావింటికి వెళ్లి రావడానికే కుదించేశాం. మూలంలో ఉన్న గ్రీకు మాటకు వెళ్లి చూడడం, బాగోగులు పట్టించుకోవడం అని అర్థం. "నిదానించు" అంటే ఆలస్యం చేయడం, తొందరపడకపోవడం. ఈ నాలుగు మాటల అర్థం పేజీ అంచున పెన్సిలుతో రాసుకోండి. వాడుక భాషలోని అనువాదం పక్కన పెట్టుకుని చదివినా తప్పు లేదు. అర్థం కాని ఆజ్ఞ పాటించనక్కర్లేదన్న వెసులుబాటు మనకు బాగా అలవాటైపోయింది.

రెండో మెట్టు: నోటు పుస్తకం, నాలుగు ప్రశ్నలు

ఒక చిన్న నోటు పుస్తకం తీసుకోండి. వారానికి ఒక్క ఆజ్ఞ. ఆ వచనాన్ని పైన రాసి, దాని కింద మీ మాటల్లో, మీ ఇంట్లో మాట్లాడే తెలుగులో మళ్లీ రాయండి. తర్వాత నాలుగు ప్రశ్నలు: ఎవరి విషయంలో? ఎక్కడ? ఎప్పుడు? నేను చేశానో లేదో ఎవరిని అడిగితే తెలుస్తుంది?

నాలుగో ప్రశ్నే ఈ పద్ధతికి ప్రాణం. "ఈ వారం ప్రేమగా ఉంటాను" అని రాసుకుంటే శనివారానికి మనకు మనమే మార్కులు వేసుకుంటాం, మంచి మార్కులే వేసుకుంటాం. వాక్యం విని దాని ప్రకారం నడవనివాడు అద్దంలో ముఖం చూసుకుని వెంటనే మరచిపోయినవాడని యాకోబు అన్నది ఇందుకే. అద్దం మన ఇష్టప్రకారం చూపదు, అవతలి మనిషి కూడా అంతే. కనుక అవతలి మనిషి సాక్ష్యం చెప్పగలిగిన ఆజ్ఞలతోనే మొదలుపెట్టాలి. కోపం తగ్గిందా లేదా అని పంచాయితీ పెట్టవచ్చు. కూలి ఇచ్చామా లేదా అన్నదానికి పంచాయితీ ఉండదు. అందుకే నేను పత్రిక వరుసను పక్కనపెట్టి ఐదో అధ్యాయంతో మొదలుపెట్టమంటాను.

మూడో మెట్టు: కూలి

"మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది" అంటుంది 5:4 (ఐదో అధ్యాయం, నాలుగో వచనం). మొరపెట్టేది కూలివాడు ఒక్కడే కాదు, కూలి డబ్బు కూడా. మన బీరువాలో, మన ఖాతాలో ఉండి అరుస్తుందన్నమాట. ఇది యాకోబు కొత్తగా కనిపెట్టినదీ కాదు. కూలివాని కూలి మరునాటి వరకు నీ దగ్గర ఉంచుకోకూడదని లేవీయకాండము 19:13, సూర్యుడు అస్తమించక ముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము 24:15 అంతకు ముందే చెప్పాయి.

నా సంగతి చెబుతాను. కొన్నేళ్ల క్రితం మా ప్రహరీ గోడ కట్టిన తాపీ మేస్త్రీకి రెండు వేలు బాకీ పెట్టాను. గోడ మూల కొంచెం వంకరగా వచ్చిందన్నది నా సాకు. ఒకసారి వస్తే "చిల్లర లేదు" అన్నాను. రెండోసారి "సోమవారం రా" అన్నాను. మూడోసారి అతను వచ్చేసరికి నేను చంకలో బైబిలు పెట్టుకుని వాక్య ధ్యానానికి బయలుదేరుతున్నాను. అతను బైబిలు చూసి, నన్ను చూసి, "తర్వాత వస్తాలెండి, ప్రార్థనకు ఆలస్యమవుతుంది" అన్నాడు. వెటకారమేమీ లేదు అతని గొంతులో. అందుకే ఇన్నేళ్లయినా ఆ మాట నన్ను వదల్లేదు. మూడు రాకపోకలకు అతనికి బస్సు ఖర్చు, మూడు పూటల పని పోయాయి. నేను ఇచ్చిన రెండు వేలు పూర్తి రెండు వేలు కావు.

ఈ వారం చేయవలసిన పని ఇది. శనివారం సాయంత్రం కూర్చుని, మీరు డబ్బు ఇవ్వాల్సిన ప్రతి మనిషి పేరూ రాయండి: ఇంటిపని చేసే ఆమె, పాలు పోసే అతను, ఇస్త్రీ, వాచ్‌మన్, కారు తుడిచే కుర్రాడు, ట్యూషన్ చెప్పే అమ్మాయి, మరమ్మతు చేసిపోయిన ఎలక్ట్రీషియన్. పేరు పక్కన ఎంత, ఏ రోజుకు ఇస్తానన్నారు, ఎన్ని రోజులు దాటింది. పేరు తెలియకపోతే అదొక సమాచారమే, ముందు పేరు కనుక్కోండి. బకాయిలన్నీ ఆ రాత్రే తీర్చండి. తర్వాత ప్రతి నెలా ఒక తేదీ ఖాయం చేయండి. మీకు జీతం పడ్డ రోజే వాళ్లకూ పడాలి. ఊరెళ్తున్నట్లయితే వెళ్లే ముందే ఇవ్వండి.

ఫోనులో పంపితే పని అయిపోయిందనుకోకండి. ఆ ఖాతా ఎవరి ఫోనులో ఉందో అడగండి. కొన్ని ఇళ్లలో ఆమె కష్టం భర్త ఫోనుకు చేరి, అక్కడి నుంచి మద్యం దుకాణానికి పోతుంది. "మీకు చేతికి ఇవ్వమంటారా, ఖాతాలో వేయమంటారా? ఏ రోజు అందితే వీలు?" అన్న రెండు ప్రశ్నలు చాలు. జ్వరమొచ్చి రెండు రోజులు నాగా పెడితే జీతం కోయాలా వద్దా అన్నది మీకు తోచవచ్చు. మీకు జ్వరమొస్తే మీ ఆఫీసు ఏం చేస్తుందో అదే ఆమెకూ చేయండి, అంతకన్నా లోతైన వేదాంతం అవసరం లేదు.

వ్యవసాయం చేసేవాళ్ల ఇబ్బంది వేరు. మిరప కోతలకు, పత్తి తీతకు కూలీలు కావాలి, డబ్బు మాత్రం సరుకు అమ్ముడుపోయాక గానీ రాదు. చిన్న రైతు తానే వడ్డీకి తెచ్చి ఉంటాడు. అయినా ఎరువుల కొట్టుకు పద్దు కట్టినట్టే కోత కూలికి ముందే పక్కన పెట్టుకునే ఏర్పాటు చేసుకోవాలి. ఎరువుల కొట్టు ఆగగలదు, పూటకు బియ్యం కొనుక్కునేవాళ్లు ఆగలేరు. గల్ఫుకు వెళ్లి నెలల తరబడి జీతం అందక ఎదురుచూసిన మనవాళ్లను అడిగితే ఈ వచనం అటువైపు నుంచి ఎలా వినిపిస్తుందో చెబుతారు.

సంఘాల గురించి ఒక్క మాట. మైకు సెట్టు కుర్రాడికి, షామియానా అతనికి, మందిరం ఊడ్చే అవ్వకు బాకీ పెట్టి కూటాలు జరిపితే, ఆ కూటంలో ఎవరు ఎంత గట్టిగా ప్రార్థించినా ఆ కూలి అరుపు దాన్ని మించి వినిపిస్తుంది. కమిటీలో ఉన్నవాళ్లు లెక్కల పుస్తకం తెరిచి చూడండి.

ఈ మెట్టుకు నేను రెండు వారాలు ఇవ్వమంటాను. ఒకటి బకాయిలకు, ఒకటి ఏర్పాటుకు.

నాలుగో మెట్టు: గ్లాసు, కుర్చీ

రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్న ఒకడు, మురికి బట్టలు కట్టుకున్న ఒకడు సమాజమందిరంలోకి వస్తారు. మొదటివాడికి మంచి చోటు, రెండోవాడికి నిలబడమనో, పాదపీఠం దగ్గర కూర్చోమనో మాట. ఈ దృశ్యం మన పెళ్లిళ్లలో, మన మందిరాల్లో ముందు వరుస సోఫాల దగ్గర కనబడుతూనే ఉంటుంది. సోఫా విషయం పెద్దలకు వదిలేస్తే, మీ చేతిలో ఉన్నది మీ వంటిల్లు.

వంటింట్లోకి వెళ్లి చూడండి. పనిచేసే ఆమెకు టీ ఇచ్చే గ్లాసు వేరుగా ఉందా? అది కిటికీ గట్టు మీద బోర్లించి ఉంటుందా? ఉంటే, దానికి మీరు శుభ్రత అని పేరు పెట్టుకుని ఉండవచ్చు. టీ కొట్లలో రెండు గ్లాసులు పెట్టినవాళ్లు కూడా ఏదో ఒక పేరు పెట్టుకున్నారు. కులం బాధను తరతరాలుగా మోసిన కుటుంబాల నుంచి వచ్చినవాళ్లం తెలుగు క్రైస్తవుల్లో చాలామందిమి. ఆ గ్లాసు మన ఇంట్లోనే ఉండడం మరీ సిగ్గు. తీసేయండి. ఉపన్యాసం లేకుండా, రేపు ఉదయం నుంచి మీరు తాగే గ్లాసుల్లోనే ఆమెకూ ఇవ్వండి. ఆమె నేల మీద కూర్చుంటే కుర్చీ వేయండి, బలవంతపెట్టకండి. మీరు కూడా టీ పట్టుకుని అక్కడే కూర్చుంటే ఆమెకు సంకోచం తగ్గుతుంది. తరాల అలవాటు ఒక ఉదయంతో పోదు.

పిలుపు కూడా ఇందులోదే. వయసులో పెద్ద ఆటో నడిపే ఆయనను "నువ్వు" అనడం, సూటు వేసుకున్న కుర్రాడిని "మీరు" అనడం. ఈ వారం ఎవరిని ఏమని పిలిచారో నోటు పుస్తకంలో రాయండి. మా మనవరాలు నాకు ఈ లెక్క చెప్పింది, చాలా ఖచ్చితంగా.

ఐదో మెట్టు: ప్రార్థన అంశం అనే పేరుతో వచ్చే కబురు

మూడో అధ్యాయం నాలుక గురించి. చిన్న నిప్పు ఎంత అడవినైనా తగలబెడుతుంది, ఒకే నోటి నుంచి ఆశీర్వాదమూ శాపమూ వస్తాయి. ఇవన్నీ మనకు కంఠతా వచ్చు. బూతులు, అబద్ధాలు మానాలని అందరికీ తెలుసు. విశ్వాసుల మధ్య అసలు నిప్పు మాత్రం వేరే దారిన వస్తుంది. "ఫలానా అక్క కోసం ప్రార్థించండి, వాళ్ల అమ్మాయి విషయం తెలిసిందిగా..." అని మొదలవుతుంది. గొంతు తగ్గుతుంది, కుర్చీలు దగ్గరవుతాయి. పది నిమిషాల కబురుకు చివర అర నిమిషం ప్రార్థన.

దీన్ని ఆపడానికి మూడు గీటురాళ్లు. ఆ మనిషి తన విషయం చెప్పి ప్రార్థించమని నన్ను అడిగిందా? ఇతరులకు చెప్పవచ్చని ఒప్పుకుందా? ఆమె ఇదే గదిలో కూర్చుని ఉంటే నేను ఇదే మాట ఇలాగే అంటానా? ఒక్కదానికి "లేదు" వచ్చినా, పేరు చెప్పకండి. "ఒక కుటుంబం కష్టంలో ఉంది" అంటే చాలు, ఎవరో తెలియకపోయినా దేవునికి చిరునామా తెలుసు. మీకు ఎవరైనా అలా చెప్పడం మొదలుపెడితే, ముఖం మాడ్చుకోకుండా "సరే, ఇప్పుడే ప్రార్థిద్దాం" అని కళ్లు మూసుకోండి. ఇంతకన్నా మర్యాదగా కబురు తెంచే ఉపాయం నాకు ఇంతవరకు దొరకలేదు.

వాట్సాప్ గ్రూపులకు కూడా ఇదే. "అత్యవసరం, ఈ రాత్రికి ఇరవై మంది సేవకులను (పాస్టర్లను) చంపబోతున్నారు, పది మందికి పంపండి" అన్న సందేశాలు తేదీ లేకుండా ఏళ్ల తరబడి తిరుగుతుంటాయి. తేదీ, ఊరు, తెలిసిన ఆధారం లేనిది పంపకండి. భయాన్ని పంచడం విజ్ఞాపన (ఇతరుల కోసం చేసే ప్రార్థన) కాదు.

ఇంట్లో మాటకు 1:19 ఉంది: వినడానికి వేగిరం, మాట్లాడడానికి నిదానం, కోపించడానికి నిదానం. దీనికి రోజులో ఒక్క గంట ఎంచుకోండి, మొత్తం రోజు వద్దు. సాయంత్రం అందరూ ఇల్లు చేరే గంట చాలా ఇళ్లలో ప్రమాదకరమైనది. ఆ గంటలో అవతలివాళ్లు మాట ముగించేవరకు నోరు తెరవకూడదు. ముగిశాక వాళ్లు చెప్పినదాన్ని మీ మాటల్లో ఒకసారి చెప్పి, "ఇదేనా నువ్వు అన్నది?" అని అడగాలి. మొదటి మూడు రోజులు ఇంట్లోవాళ్లు మీ ఆరోగ్యం గురించి అనుమానపడతారు.

ఆరో మెట్టు: "ప్రార్థిస్తాను" అనే ముందు

బట్టలు లేక, ఆ పూటకు తిండి లేక ఉన్నవాళ్లతో "సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి" అని పంపేస్తే ఏమి ప్రయోజనమని 2:15, 16 అడుగుతాయి. మన కాలంలో ఆ వాక్యం "ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటాను" అన్న రూపంలో ఉంది. ఈ వారం ఆ మాట అనాల్సి వచ్చిన ప్రతిసారీ దానికి ముందు ఇంకో వాక్యం చేర్చండి: "ఈ వారం మీకు ఏది అందితే కాస్త తేలికవుతుంది?" జవాబు డబ్బే కానక్కర్లేదు. పిల్లవాణ్ణి బడి నుంచి తీసుకురావడం కావచ్చు, ఆసుపత్రి వరుసలో నిలబడడం కావచ్చు.

పల్లె సంఘాల్లో పిడికెడు బియ్యం అలవాటు ఉండేది. అన్నం వండే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది, వారాంతానికి అది మందిరానికి చేరేది. ఇప్పటికీ కొన్నిచోట్ల ఉంది. పట్టణంలో కూడా ఇది జరిగే పనే. ఒక డబ్బా పెట్టండి, బియ్యమో నాణేలో వేయండి, కానీ ఆ నెల అది ఎవరికి వెళ్తుందో ముందే పేరు రాసి లోపల పెట్టండి. పేరు లేని డబ్బా పండుగకు మన ఖర్చులకే కరిగిపోతుంది, మా ఇంట్లో రెండుసార్లు అలాగే అయింది.

ఏడో మెట్టు: మూడో నెలలో వెళ్లండి

పవిత్రమైన భక్తి అంటే దిక్కులేని పిల్లలను, భర్తను కోల్పోయినవాళ్లను వారి ఇబ్బందిలో పరామర్శించడమని 1:27 చెబుతుంది. మనం వెళ్తాం, ఆదరణ కూడిక రోజున గుంపుగా వెళ్తాం, పాటలు పాడతాం, భోజనం చేస్తాం. తర్వాత ఇంటి తలుపు దగ్గర చెప్పులు తగ్గిపోతాయి. ఆమె ఇబ్బంది అప్పుడే మొదలవుతుంది.

కాబట్టి సంఘంలో ఎవరైనా పోయినప్పుడు క్యాలెండరులో మూడు నెలల తర్వాతి తేదీ మీద గుర్తు పెట్టండి. ఆ రోజు మీ ఇంట్లో ఆడవాళ్లతో కలిసి, పగటిపూట, ముందుగా ఫోను చేసి వెళ్లండి. మగవాళ్లు ఒంటరిగా వెళ్లకండి, పల్లెలో దాని భారం ఆమె మీదే పడుతుంది. ఫోటోలు తీయకండి. ప్రసంగం చేయకండి. పోయిన మనిషి పేరు ఎత్తండి, చాలామంది ఆ పేరు ఎత్తడానికి భయపడతారు, ఆమె మాత్రం వినాలని ఎదురుచూస్తుంటుంది.

తర్వాత కాగితాల గురించి అడగండి. మరణ ధ్రువీకరణ పత్రం వచ్చిందా, కుటుంబ సభ్యుల పత్రం ఉందా, బ్యాంకులో నామినీ ఎవరు, బీమా ఉందా, గ్యాసు కనెక్షను, కరెంటు మీటరు ఎవరి పేరు మీద ఉన్నాయి, వితంతు పింఛనుకు దరఖాస్తు పెట్టారా. ఆఫీసుల్లో పనిచేసి రిటైరైన నాలాంటివాళ్లకు దేవుడు ఇచ్చిన వరం దరఖాస్తు నింపడమే. ఆమెతో పాటు మీసేవకో, సచివాలయానికో ఒక పూట వెళ్లి కూర్చోండి. బంధువుల్లో ఎవరైనా పొలం కాగితాల మీద తొందరగా సంతకం పెట్టమంటున్నారేమో కనుక్కోండి. పెట్టే ముందు వకీలుకు చూపించమనండి.

ఎనిమిదో మెట్టు: అవునంటే అవును

"ప్రభువు చిత్తమైతే మనము బ్రదికియుండి ఇది అది చేతమని" చెప్పుకోవాలన్నాడు యాకోబు. వచ్చే ఏడాది వ్యాపార లాభాలు ఇప్పుడే లెక్కేసుకునేవాళ్ల గర్వానికి అది మందు. మనం దాన్ని తప్పించుకునే మాటగా మార్చుకున్నాం. "ప్రభువు చిత్తమైతే వస్తాను" అంటే రానని అర్థమని ఊరంతటికీ తెలుసు. అదే పత్రికలో 5:12 మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని ఉండాలంటుంది. రెండింటినీ కలిపి పాటించండి: వెళ్లే ఉద్దేశం ఉంటేనే మొదటి మాట వాడండి, లేకపోతే "రాలేను" అనండి. ఈ వారం ఇచ్చిన మాటలన్నీ, "ఫోను చేస్తా" అన్న చిన్న మాటతో సహా, రాసుకుని శనివారం లెక్క చూడండి.

ఈ పత్రికను ఇలా వాడకండి

శోధనల్లో పడ్డప్పుడు అది మహానందమని ఎంచుకోమని 1:2 చెబుతుంది. ఆ వచనం మన కష్టానికి మనం వేసుకునేది, పక్కవాళ్ల కష్టం మీద మనం విసిరేది కాదు. భర్త కొడుతున్నాడని వచ్చిన ఆడకూతురికి ఓర్పు వచనం చదివి వెనక్కి పంపడం పాపం. ఆమెకు ముందు భద్రమైన చోటు చూపించండి, 181 మహిళా సహాయవాణి నంబరు ఇవ్వండి, తోడు వెళ్లండి.

రోగి కోసం పెద్దలను పిలిపించి నూనె రాసి ప్రార్థించాలని 5:14 అంటుంది. మందులు ఆపమని ఆ వచనంలో ఎక్కడా లేదు. మాత్రలు ఆపేయమనే బోధకుడి మాట వినకండి. పెద్దలే రోగి ఇంటికి రావాలన్నది కూడా గమనించండి. మంచం పట్టినవాణ్ణి వాహనంలో వేసి స్టేజి మీదకు ఎక్కించమని లేదు.

పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోమన్న 5:16 చాలా మేలు చేసే ఆజ్ఞ, మనిషిని ఎంచుకోవడంలోనే జాగ్రత్త. మీ వయసు స్నేహితుడో, స్నేహితురాలో, నోరు కాచుకునే ఒక్క మనిషి చాలు. "ఒకనితోనొకడు" అని ఉంది కాబట్టి అతను కూడా మీతో ఒప్పుకోవాలి. ఒకవైపే చెప్పించుకుని రహస్యాలు దాచుకునే నాయకుడి దగ్గర నోరు విప్పకండి.

తప్పిన వారం ఏం చేయాలి?

తప్పుతారు. నేను "వినుటకు వేగిరం" వారంలో గురువారానికే మా ఆవిడ మీద కేకలేసి, శుక్రవారం మొత్తం ఆ వచనం తెలుగు అనువాదం గురించి ఆలోచిస్తూ గడిపాను. తప్పిన ఆజ్ఞను మరుసటి వారానికి మళ్లీ రాయండి. మూడుసార్లు తప్పితే అది మీకు పెద్ద ముక్క, చిన్నది చేయండి: రోజంతా కాదు ఒక గంట, అందరితో కాదు ఒక్కరితో. కుదిరిన వారాన్ని ఆదివారం సాక్ష్యంగా నిలబడి చెప్పకండి. పనిచేసే ఆమెకు మీ గ్లాసులో టీ ఇచ్చిన సంగతి ఆమె ఉన్న ఊళ్లో మీరు మైకులో చెబితే, ఆ గ్లాసు మళ్లీ కిటికీ గట్టు మీదికి వెళ్లినట్టే.

ఆదివారం రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు పది నిమిషాలు నోటు పుస్తకం తెరవండి. నాలుగో ప్రశ్న ఎదురుగా రాసిన పేరు ఇంట్లోనే ఉంటే వాళ్లనే అడగండి, అడ్డు చెప్పకుండా వినండి. ఇలా చేస్తే ఇక్కడ చెప్పిన మెట్లు పూర్తి కావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. తర్వాత రోమీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయం, ఆపైన మత్తయి 5 నుంచి 7 అధ్యాయాలు (యేసు కొండమీది ప్రసంగం) ఇదే పద్ధతికి ఒదుగుతాయి. కొండమీది ప్రసంగం దగ్గర తొందర వద్దు, ఒక్క "శత్రువులను ప్రేమించుడి"కే నాకు ఇంకా పేజీలు సరిపోవడం లేదు, ఆ పేజీలో మా వెనకింటి ఆయన పేరు రాసి ఉంది, గోడ హద్దు తగాదా ఇంకా తెగలేదు.